ఫ్లాటు అమ్మే ముందు వంటింటి సామాను: మార్చాలా, బాగుచేయించాలా, వదిలేయాలా?

మా పిన్నిగారు హైదరాబాద్ నిజాంపేటలో 12 ఏళ్ల కిందట కొనుక్కున్న ఫ్లాటును అమ్మకానికి పెట్టినప్పుడు, చూడటానికి వచ్చిన మొదటి దంపతులలో ఆవిడ నేరుగా వంటింట్లోకి వెళ్లారు. గోడ మీద మెరుస్తున్న కొత్త చిమ్నీ వైపు తలెత్తి కూడా చూడకుండా, వంగి సింకు కింది అర (క్యాబినెట్) తలుపు తెరిచారు. లోపల నీళ్లు తాగి ఉబ్బిన చెక్క, కారుతున్న పైపు కింద ఐస్‌క్రీం డబ్బా, అందులో సగం దాకా నీళ్లు. ఆ చిమ్నీకి పిన్నిగారు అంతకు మూడు వారాల ముందే 18 వేల రూపాయలు పోశారు. ఆ డబ్బాలోని నీళ్లు రోజూ పారబోస్తూనే ఉన్నా, అది ఇతరుల కంట పడే వస్తువని ఆవిడకు తోచనే లేదు. “వంటిల్లు మొత్తం మళ్లీ చేయించుకోవాలి కదండీ” అన్న మాటతో ఆ రోజు బేరం లక్షన్నర తగ్గింపు దగ్గర మొదలైంది.

అమ్మే ముందు వంటింటి మీద డబ్బు పెట్టాలా వద్దా అని ఆలోచించేవారికి నాలుగు దారులు ఉంటాయి. ఉన్నదున్నట్టుగా చూపించి ధరలో సర్దుకోవచ్చు. శుభ్రం చేయించి చిన్న మరమ్మతులతో సరిపెట్టవచ్చు. బాగుపడే స్థితి దాటిపోయిన ఒకటి రెండు వస్తువులను మాత్రం కొత్తవి వేయించవచ్చు. లేదా మాడ్యులర్ కిచెన్ మొత్తాన్ని కొత్తగా కట్టించవచ్చు. నా అభిప్రాయం ముందే చెబుతాను. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాలలో పది పదిహేనేళ్ల వయసున్న మధ్యతరగతి ఫ్లాటుకు రెండో దారే మేలు, మూడో దారి కొన్ని సందర్భాలకే సరిపోతుంది, నాలుగో దారిలో పెట్టిన డబ్బు చాలామందికి తిరిగి రాదు. కొత్త వస్తువు చేసే పనల్లా కొనేవారి చేతిలోని బేరపు సాకులలో ఒకదాన్ని తీసేయడమే. అదే సాకు 2 వేల రూపాయల మరమ్మతుతో తొలగిపోయేటప్పుడు 20 వేల వస్తువు ఎందుకన్న ప్రశ్న ప్రతి వస్తువు దగ్గరా వేసుకోవాలి.

ఇంటితో ఉండిపోయేవి, మనతో వచ్చేవి

మన దగ్గర ఫ్రిజ్, మైక్రోవేవ్, మిక్సీ, గట్టు మీద పెట్టుకునే గ్యాస్ స్టవ్, వాషింగ్ మెషిన్ అమ్మేవారితోపాటే వెళ్లిపోతాయని ఇరుపక్షాలకూ తెలుసు. కాబట్టి అమ్మకం కోసమని వీటిని మార్చడం అర్థం లేని పని. అమెరికాలో రేంజ్ (ఓవెన్‌తో కలిసి ఉండే పొయ్యి), డిష్‌వాషర్ వంటివి ఇంటితోపాటే ఉండిపోవడం మామూలు గనుక అక్కడ అమ్మే ముందు వాటిని మార్చాలా అన్న చర్చకు అర్థం ఉంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటూ ఇక్కడి ఫ్లాటును అమ్మే మనవాళ్లు అక్కడి సలహాలను చదివి ఇక్కడ ఉన్న తమ్ముడికో బావగారికో ఫోన్ చేసి కొత్త సామాను వేయించమనడం నేను ఒకటి రెండు సార్లు చూశాను. ఇక్కడ మన లెక్కలోకి వచ్చేవి గోడకు, గట్టుకు బిగించినవి మాత్రమే: చిమ్నీ, గట్టు గ్రానైట్‌లో కోసి అమర్చిన గ్యాస్ పొయ్యి (హాబ్), అరలు, సింకు, కుళాయిలు, యుటిలిటీలోని గీజర్. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 8వ సెక్షన్ ప్రకారం ఇంటిని బదిలీ చేసినప్పుడు తాళాలు, తలుపులు, కిటికీలతోపాటు ఇంటి శాశ్వత ఉపయోగానికి ఏర్పాటు చేసినవి కూడా కొనేవారికే చెందుతాయి, వేరేగా రాసుకుంటే తప్ప. చిమ్నీ ఆ కోవలోకి వస్తుందా రాదా అని రిజిస్ట్రేషన్ రోజున వాదించుకోవడం కన్నా అగ్రిమెంటులోనే పేరుపేరునా రాసుకోవడం మంచిది.

కొనేవారి జేబులోంచి చూస్తే

కొత్త కిచెన్‌కు అనుకూలంగా చెప్పగలిగిన గట్టి వాదన ఒకటి ఉంది, దాన్ని న్యాయంగా పరిశీలించాలి. 75 లక్షల ఫ్లాటును ఉదాహరణగా తీసుకుందాం. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల వరకు ఉండే గృహ రుణానికి బ్యాంకు ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదు, స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులను ఆ విలువలో కలపకూడదు. అంటే బ్యాంకు ఇచ్చేది గరిష్ఠంగా 60 లక్షలు. మిగిలిన 15 లక్షలు, పూర్తి ధరకు రిజిస్ట్రేషన్ చేయిస్తే 7.5 శాతం చొప్పున మరో 5 లక్షల 62 వేల 500 రూపాయలు కొనేవారు సొంతంగా తెచ్చుకోవాలి. బంగారం కుదువ పెట్టి, మామగారి దగ్గర చేబదులు తీసుకుని 20 లక్షల పైచిలుకు పోగుచేసిన కుటుంబానికి గృహప్రవేశం నాటికి చేతిలో ఏమీ మిగలదు. పాలు పొంగించిన మర్నాటి నుంచి వంట చేసుకోగలిగిన వంటిల్లు వారికి నిజంగానే విలువైనది.

అందుకని అమ్మేవారు 3 లక్షలు పెట్టి కిచెన్ కట్టించి, ధరను 78 లక్షలు చేశారనుకుందాం. బ్యాంకు ఆ ధరను ఒప్పుకుంటే కొనేవారికి అదనంగా చేతి నుంచి పడేది 60 వేలు, రిజిస్ట్రేషన్‌కు 22,500, మొత్తం 82,500 మాత్రమే. తక్కినది నెలవాయిదాలలో కలిసిపోతుంది. వాదన బాగానే ఉంది. అయితే బ్యాంకు తరఫున ఇంటి విలువ కట్టడానికి వచ్చే వాల్యుయర్ సాధారణంగా చూసేది విస్తీర్ణం, అవిభాజ్య స్థల వాటా, భవనం వయసు, అదే అపార్టుమెంటులోనూ చుట్టుపక్కలా ఇటీవల జరిగిన అమ్మకాల ధర. అరల తలుపులకు వేసిన అక్రిలిక్ మెరుపు ఆయన నివేదికలో ఒక వాక్యానికి మించదు. ఆయన 75 లక్షల దగ్గరే ఆగిపోతే ఆ 3 లక్షల 22 వేల 500 మొత్తం కొనేవారు చేతి నుంచే పెట్టుకోవాలి. అంతకన్నా తక్కువలో తమకు నచ్చిన రంగులో, నచ్చిన వడ్రంగితో చేయించుకోవచ్చు గనుక వారు ఆ అదనపు ధరను ఒప్పుకోరు.

కాబట్టి కొనేవారికి కావలసింది మర్నాటి నుంచి పనిచేసే వంటిల్లు. అది కొత్తదై ఉండనవసరం లేదు. మరమ్మతు మీద నాకున్న మొగ్గుకు కారణం ఇదే.

సింకు కింది అర

మొదట డబ్బు పెట్టవలసిన చోటు ఇది. మామూలు పార్టికల్ బోర్డుతో చేసిన అర ఒకసారి నీరు తాగి ఉబ్బితే ఎండినా పూర్వపు ఆకారానికి రాదు, పైన స్టిక్కర్ అంటిస్తే ఆ ఉబ్బు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మంచి వడ్రంగి ఆ ఒక్క పెట్టెను విప్పి, నీటిని తట్టుకునే 710 గ్రేడు ప్లైవుడ్‌తో తిరిగి చేసి, పాత తలుపునే బిగించగలడు. తలుపు మారకపోతే రంగు తేడా సమస్యే రాదు. దానికి ముందు ప్లంబరును పిలిచి సింకు కింద మురుగు పైపుకు బిగించే బాటిల్ ట్రాప్‌ను, వదులైన వాషర్లను మార్పించాలి. లేకపోతే కొత్త ప్లైవుడ్‌కూ అదే గతి పడుతుంది. మూలల్లో చెద మట్టి గీత కనిపిస్తే మాత్రం అది ఒక్క అరతో ఆగే విషయం కాదు. చెదమందు కొట్టించి ఆ బిల్లు దాచుకోవాలి, అడిగినవారికి చూపాలి. కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవారు తెలిసి దాచకూడదని పైన చెప్పిన చట్టంలోనే 55వ సెక్షన్‌లో ఉంది.

అరల తలుపులు వాలిపోయి ఒకదానికొకటి రాసుకుంటుంటే చాలాసార్లు తప్పు హింజీలదే. స్క్రూడ్రైవర్‌తో సరిచేయదగినవి సరిచేసి, తుప్పు పట్టినవి మార్చితే పది తలుపుల వంటిల్లు ఒక్క పూటలో చక్కబడుతుంది. బోరు నీళ్ల అపార్టుమెంట్లలో కుళాయి మొదట్లోనూ సింకు అంచుల్లోనూ తెల్లగా పేరుకునే ఉప్పు పొరను వెనిగర్‌లో తడిపిన గుడ్డ చుట్టి గంటసేపు ఉంచితే చాలావరకు వదులుతుంది. వదలని కుళాయిని మార్చేయండి. రెండు మూడు వేలలో వచ్చే వస్తువు అది, చూడటానికి వచ్చిన ప్రతివారూ తిప్పి చూస్తారు.

హాబ్ విషయంలో తొందరపడకూడదు

గ్రానైట్‌లో కోసి దించిన హాబ్‌ను మార్చడం పైకి కనిపించేంత సులభం కాదు. ఒక్కో మోడల్‌కు గట్టులో కోయవలసిన రంధ్రం కొలత వేరు. కొత్త హాబ్‌కు ఇంకాస్త పెద్ద రంధ్రం కావాలంటే కోయవచ్చు, చిన్నది కావాలంటే మాత్రం ఉన్న రంధ్రం పూడదు. అందువల్ల దుకాణానికి వెళ్లే ముందే పాత హాబ్‌ను ఎత్తి, కింది రంధ్రం పొడవు వెడల్పులను టేపుతో కొలిచి రాసుకోవాలి. హాబ్‌ను విప్పి పట్టుకుపోదామని అనుకునేవారు గట్టు మధ్యలో మిగిలే ఆ గొయ్యిని ఊహించుకుంటే చాలు.

అంతకన్నా ముందు అసలు అది పాడైందో లేదో తేల్చుకోవాలి. మా పిన్నిగారి హాబ్ నాబ్ తిప్పితే వెలగదు, నాలుగేళ్లుగా లైటర్‌తోనే వెలిగిస్తున్నారు. వచ్చిన మెకానిక్ హాబ్ అడుగున చేయి పెట్టి, చిన్న డబ్బా మూత తీసి, పచ్చగా చిలుము పట్టిన ఒక బ్యాటరీని బయటికి లాగాడు. కొత్త బ్యాటరీ వేయగానే నాలుగు బర్నర్లూ టిక్‌టిక్‌మంటూ వెలిగాయి. మంట పసుపు రంగులో, మసి పట్టేలా ఉంటే ఇత్తడి బర్నర్ల రంధ్రాలు, వాటికి గ్యాస్ పంపే జెట్లు శుభ్రం చేయిస్తే తరచుగా నీలం రంగుకు వస్తుంది. నాబ్‌లు బిగుసుకుపోతే గ్రీజు పెట్టించాలి. గ్యాస్ వాసన ఆగకుండా వస్తుంటే, లేదా పైన గాజు పగిలి ఉంటే మాత్రం బేరాలు చూడకుండా కొత్తది వేయించాలి, అది భద్రతకు సంబంధించిన విషయం.

భాగ్యనగర్ గ్యాస్ పైపు కనెక్షన్ ఉన్న అపార్టుమెంటులో మరొక సంగతి గమనించాలి. సిలిండర్ గ్యాస్‌కు తయారైన స్టవ్ పైపు గ్యాస్‌తో సరిగా పనిచేయాలంటే జెట్లు మార్చాలి, ఎందుకంటే రెండింటి పీడనమూ ఉష్ణశక్తీ వేరు. కొత్త హాబ్ బిగించి జెట్లు మార్చకపోతే, చూడటానికి వచ్చినవారి ముందు మంట మిణుకుమిణుకుమంటూ వెలుగుతుంది.

వాస్తు మాట కూడా ఇక్కడే చెప్పాలి. నమ్మకం ఉన్నా లేకపోయినా, కొనేవారు పొయ్యి ఆగ్నేయంలో ఉందా, వండేవారు తూర్పు ముఖంగా నిలబడతారా అని చూస్తారు, వారు చూడకపోతే వారి పెద్దవారు వచ్చి చూస్తారు. మీ హాబ్ ఉత్తరపు గోడకు ఉంటే వారు దాన్ని ఎలాగూ తూర్పు గోడకు జరుపుతారు. ఆ వంటింట్లో కొత్త హాబ్, కొత్త చిమ్నీ వేయించడమంటే రేపు విప్పేసే పనికి ఈ రోజు కూలి ఇవ్వడమే.

చిమ్నీ

తాళింపులు, వేపుళ్లు రోజూ చేసే మన వంటింట్లో పదేళ్ల చిమ్నీ ఎంత జిడ్డు పట్టినా ఆశ్చర్యం లేదు. కానీ జిడ్డు పట్టడం వేరు, పాడవడం వేరు. స్టీలు రేకుల (బాఫిల్) ఫిల్టర్లను వేడినీళ్లలో కాస్టిక్ సోడాతో నానబెట్టి శుభ్రం చేయవచ్చు, చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. అల్యూమినియం జాలీ ఫిల్టర్లకు మాత్రం కాస్టిక్ సోడా తగలనివ్వకూడదు, అది లోహాన్నే తినేస్తుంది. నూనె చుక్కలు చేరే చిన్న గిన్నెను, వెలగని బల్బును, చిరిగిన డక్టును (పొగ బయటికి పోయే పైపును) మార్చిస్తే చాలా చిమ్నీలు మరో మూడేళ్లు నడుస్తాయి.

మార్చక తప్పని సందర్భాలు రెండు: టచ్ ప్యానెల్ పూర్తిగా చచ్చిపోయి ఆ మోడల్‌కు విడిభాగాలు దొరకకపోవడం, మోటారు గర్జిస్తున్నా పొగ కదలకపోవడం. అప్పుడు కూడా మధ్యరకం చిమ్నీ చాలు. గంటకు ఇన్ని ఘనపు మీటర్లు లాగుతుందని పెట్టె మీద రాసే సంఖ్య ఎంత పెద్దదైనా, డక్టు పొడవు పెరిగేకొద్దీ, వంపులు ఎక్కువయ్యేకొద్దీ అసలు లాగుడు తగ్గిపోతుంది. మీ వంటింట్లో డక్టు రెండు మలుపులు తిరిగి యుటిలిటీలోంచి బయటికి వెళుతుంటే, ఖరీదైన మోడల్ కొనడం కన్నా డక్టును కురచ చేయించడం నయం. పాత చిమ్నీ 60 సెంటీమీటర్లదైతే కొత్తది కూడా అదే కొలత తీసుకోండి. 90 తీసుకుంటే పక్క అరలు కోయాలి, అక్కడితో వడ్రంగి పని మొదలవుతుంది.

చిమ్నీయే లేని వంటిల్లైతే? అరలు కూడా లేకుండా గట్టు, టైల్స్, సింకు మాత్రమే ఉన్న వంటింటిని అలాగే వదిలేయమంటాను. కొత్త అపార్టుమెంట్లలోనూ బిల్డర్లు చాలామంది అంతవరకే ఇస్తారు గనుక, కొనేవారు దానిని లోపంగా చూడరు, తమ ఇష్టప్రకారం కట్టించుకోవచ్చని సంతోషిస్తారు. బేరంలో అమ్మేవారిని ఇరికించేది సగం చేసి వదిలేసిన వంటిల్లు.

తక్కినవి

వాటర్ ప్యూరిఫయర్‌ను విప్పుకుని తీసుకుపోండి. ఇంకొకరు తాగిన ప్యూరిఫయర్ నీళ్లు తాగాలని ఎవరూ ఆశపడరు. గోడ రంధ్రాలు పూడ్చి, నీళ్ల పాయింటుకు డమ్మీ మూత పెట్టించండి. డిష్‌వాషర్ మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది, కొత్తింట్లో కొనుక్కునేవారికి అది మంచి వార్తే, అమ్మే ఇంటికి దానితో పని లేదు. దాని బదులు యుటిలిటీలో నీటి పాయింటు, మురుగు పాయింటు, 16 ఆంపియర్ల సాకెట్ ఉన్నాయని చూపించగలిగితే అంతకన్నా ఎక్కువ ఫలితం ఉంటుంది. పాత ఫ్లాట్ల వంటిళ్లలో పెద్ద సాకెట్ ఒకటే ఉంటుంది. 2,000 వాట్ల ఇండక్షన్ స్టవ్‌కు దాదాపు 9 ఆంపియర్ల కరెంటు కావాలి, దానిని 6 ఆంపియర్ల చిన్న సాకెట్‌కు తగిలించకూడదు. విడిగా ఎంసీబీ (కరెంటు మితిమీరితే ఆపేసే స్విచ్) పెట్టి, తగిన మందం వైరుతో మరొక 16 ఆంపియర్ల పాయింటు వేయించడానికి అయ్యేది కొద్ది వేలు. వస్తువు పాతబడుతుంది, పాయింటు పాతబడదు.

ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ వంటివి వదిలేసి వెళ్లాలనుకునేవారు, ముఖ్యంగా విదేశాలకు వెళుతున్నవారు, ఆ విషయం మొదటి రోజే చెప్పవద్దు. బేరం చివరికి వచ్చి ఇరువురి మధ్య 25 వేలో 30 వేలో తేడా మిగిలినప్పుడు “ఫ్రిజ్, మెషిన్ మీకే వదిలేస్తాం” అనే మాట ఆ తేడాను తుడిచేస్తుంది. ముందే చెబితే అవి ఫ్లాటులో భాగమే అనుకుని, ఆ తరువాత మళ్లీ తగ్గించమంటారు.

మొత్తం కట్టించడం ఎప్పుడు సబబు

హైదరాబాద్‌లోని కోకాపేట, నార్సింగి వంటి చోట్ల రెండు కోట్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీ ఫ్లాటులో, అదే టవరులో అమ్మకానికి ఉన్న తక్కినవన్నీ పూర్తి ఇంటీరియర్స్‌తో ఉండి, మీది మాత్రమే పాత వంటింటితో ఉంటే, ఆలోచించవచ్చు. చెద పట్టి అరలన్నీ కూలిపోయే స్థితిలో ఉన్నా అంతే, అయితే అప్పుడు కూడా అరలన్నీ విప్పించేసి, గోడలు శుభ్రం చేయించి, ఖాళీ గట్టుతో చూపించడం చవకైన ప్రత్యామ్నాయం. కొత్త కిచెన్‌కు ఆర్డరు ఇచ్చిన దగ్గర నుంచి బిగింపు పూర్తయ్యేదాకా నెలా నెలన్నర పట్టడం మామూలే, ఆ కాలమంతా ఫ్లాటును చూపించలేరు, మెయింటెనెన్సు, ఉంటే ఈఎంఐ కడుతూనే ఉండాలి. ఎవరూ ఇల్లు చూడటానికి రాని ఆషాఢంలో మరమ్మతులు పెట్టుకుని శ్రావణం నాటికి సిద్ధం చేసుకోవడం మనవాళ్లకు కలిసివచ్చే ఏర్పాటు.

పన్ను వల్ల కలిసివస్తుందన్న ఆశ కూడా పెద్దగా పెట్టుకోనక్కరలేదు. గట్టుకు, గోడకు శాశ్వతంగా చేయించిన పనిని ఇంటి మెరుగుదల ఖర్చుగా చూపడానికి బిల్లులుంటే అవకాశం ఉంది. ఫ్రిజ్, మైక్రోవేవ్ వంటివి సొంత వాడకపు చరాస్తులు గనుక ఆ లెక్కలోకి రావు. 12.5 శాతం దీర్ఘకాలిక మూలధన లాభాల పన్ను కింద 3 లక్షల ఖర్చును పూర్తిగా ఒప్పుకున్నా మిగిలేది 37,500 రూపాయలు, సెస్సు కలిపితే ఇంకొంచెం. ఖర్చు పెట్టే ముందే ఆడిటరును అడగండి.

పిన్నిగారి సంగతి చెప్పలేదు. ఆ లక్షన్నర బేరం కుదరలేదు. తరువాత ప్లంబరు, వడ్రంగి, హాబ్ మెకానిక్ అందరికీ కలిపి 11 వేలు ఖర్చయింది, నెల తిరక్కుండా వేరే వారు అనుకున్న ధరకు 40 వేలు తక్కువలో తీసుకున్నారు. అగ్రిమెంటులో చిమ్నీ, హాబ్, అరలు, గీజర్ అని నాలుగు పేర్లు రాయించారు, చిమ్నీ బిల్లు, వారంటీ కార్డు కవరులో పెట్టి తాళాలతోపాటు ఇచ్చారు. సిలిండర్ కనెక్షన్ మనిషి పేరుతో ఉండేది గనుక సిలిండరు, రెగ్యులేటరు తమతో తెచ్చుకున్నారు. కొన్నావిడ ఆఖరి రోజున మళ్లీ సింకు కింది అర తెరిచి చూశారట.